మూలనున్న తెల్లచుక్క

ఫొటోల పోటీలో కొంగల ఫొటోకి మొదటి బహుమతి వచ్చింది. అది తానే తీశానంటూ పంచాయతీ ప్రెసిడెంటు వీరభద్రయ్య కలెక్టరు ముందు చెయ్యి చాచాడు. అసలు తీసింది స్టూడియో దావీదు. ఇలాంటివి చూసి చూసి అతనికి అరిచే ఓపిక పోయింది. మెల్లగా లేచాడు.

"అయ్యా, దెబ్బతిన్న కెమెరా ప్రతి ఫొటోలోనూ ఒకేచోట చుక్క పెడుతుంది. ఈ ఫొటో మూలనున్న తెల్లచుక్క తమరి కెమెరాదేనా?"

"నాదే. మొన్న కిందపడింది."

దావీదు జేబులోంచి ఇంకో ఫొటో తీసి కలెక్టరుకిచ్చాడు. ఏట్లో దొంగ ఇసుక ఎత్తుతున్న ప్రెసిడెంటు లారీ. అదే మూల, అదే చుక్క.

"అయితే ఇదీ తమరే తీశారన్నమాట."

ప్రెసిడెంటు గతుక్కుమన్నాడు. "ఛఛ, ఆ చుక్క నా కెమెరాది కాదు!"

"అయితే బహుమతీ మీది కాదు," అన్నాడు దావీదు నీరసంగా కూర్చుంటూ. "లారీ ఒక్కటే మీది."