ఒక్క గింజ కోత

అచ్చియ్యమ్మకి పదకొండేళ్లు. ఏ గింజ తిన్నా ముందు పళ్ల మధ్య పెట్టి కొరికి, చప్పుడు విని, ఆ తర్వాతే మింగేది.

ఆమె ముళ్లపంది; వాటి లెక్కన నడివయసు. కొండవాగు అడవి శాసనసభలో రాళ్లగుట్ట సభ్యురాలు. సభ వాగు పక్కన నల్లబండ మీద జరిగేది. ఎడమవైపు చివర ఆమె కూచునేది. చుట్టూ రెండు బారల మేర ఎవరూ ఉండరు. ముళ్లు గుచ్చుకుంటాయని సాకు. అంతకుముందు అదే గుట్ట నుంచి ఒక మగ ముళ్లపంది గెలిచి వచ్చినప్పుడు మాత్రం ఆయన పక్కన చోటు కోసం తోసుకున్నారట. ఆయన ముళ్లు ఎవరికీ గుచ్చుకోలేదు.

ఆ అడవికి ఒక ఉమ్మడి గాదె ఉంది. ప్రతి కుటుంబమూ ఏరుకున్న ధాన్యంలో పది కుంచాలకి ఒక కుంచం అందులో పోయాలి. ఎండాకాలం వచ్చాక అందులోంచి బాలింతలకి రోజుకి ఒక తవ్వ కొలిచి ఇవ్వాలి. గాదె తాళం ఆర్థికమంత్రి నక్క పాపయ్య దగ్గర ఉండేది. తను మాంసం మానేశాననీ, గింజల జోలికి ఎలాగూ పోననీ ఆయన సభలో ప్రమాణం చేశాడు. మరి ఏం తిని అంత నున్నగా ఉన్నాడని ఎవరూ అడగలేదు.

కిందటి ఎండాకాలం అచ్చియ్యమ్మ బాలింత. ఆమెకి కొలిచిన తవ్వలో సగం తాలు. పైన పొట్టు, లోపల ఏమీ లేదు. పాలు చాలలేదు. పిల్ల పోయింది. గింజ కొరికి చూడడం అప్పటి నుంచే.

ఆ సంగతి సభలో నాలుగుసార్లు చెప్పింది. ఆమె లేచి "అధ్యక్షా" అనగానే జింకలకి దాహం వేసేది, కోతులకి దురద పుట్టేది, బండ మీద సగం ఖాళీ అయ్యేది. సభాపతి ఎలుగు గుర్రు పెట్టేవాడు. మిగిలేది సభ మాటలు రాసుకునే తాబేలు కూర్మమ్మ ఒక్కతే.

"ఆపేయనా కూర్మమ్మా? ఎవరూ లేరు."

"నేను లేనూ? చెప్పండమ్మా, రాస్తున్నాగా."

ఎవరైనా మిగిలి వింటే పాపయ్య తోక సవరించుకుని లేచేవాడు. "అధ్యక్షా, అక్కయ్యగారి పళ్లు పాడయినట్టున్నాయి. ధాన్యం మీదకి నెపం నెడుతున్నారు. పిల్ల పోయిన తల్లి, పోనీ పాపం!" ఆ "పాపం"కి అందరూ జాలిగా తలలూపేవాళ్లు. అక్కడితో చర్చ అయిపోయేది.

గాదె తెరిచి చూపించమని అడిగింది. మంత్రి ఒప్పుకుంటే తప్ప తెరవకూడదన్నారు. దాంతో వానాకాలమంతా కూర్మమ్మ పక్కన కూచుని సభ పాత నియమాలు చదివింది. ఆమెకి ఇంకెవరి పక్కనా చోటు లేదు. ఒక నియమం దగ్గర మాత్రం చాలాసేపు ఆగింది.

పద్దుల రోజు వచ్చింది. సభ నిండుగా ఉంది, ఎందుకంటే ఆ రోజు అందరికీ విందు.

పాపయ్య గొంతు సవరించుకున్నాడు. "అధ్యక్షా! గాదెలో రెండువేల కుంచాల గట్టి ధాన్యం ఉంది. అయితే ముందు ముందు కరువు రావచ్చు. కనక ఈ ఏడు బాలింతల తవ్వ నిలిపేసి, ఆ రెండువేల కుంచాలూ కదపకుండా దాచాలని పద్దు పెడుతున్నాను."

"దూరాలోచన అంటే అదీ!" అని ఎద్దు సూరన్న గిట్టతో బండని చరిచాడు. ఆయన ఏ పద్దుకైనా చరిచేవాడు.

బండ కింద నిలబడ్డ కుందేలు చెంగమ్మ చెవులు వేలాడేసింది. ఆమె ఈని మూడు రోజులు. ఐదు పిల్లలు.

అచ్చియ్యమ్మ లేచింది. "అధ్యక్షా, ఈ పద్దు మీద నాది ఒక కోత తీర్మానం."

"ఎంత తగ్గించమంటారు?" ఎలుగు ఒక కన్ను తెరిచాడు.

"ఒక్క గింజ."

నవ్వులతో వాగు మారుమోగింది. ఒక కోతి కొమ్మ మీంచి జారింది. "అమ్మా, రెండు అడగరాదూ, ఇంటికి చుట్టాలొస్తే!" అంది.

పాపయ్య కూడా కడుపు పట్టుకుని నవ్వాడు. ఏడాదిగా ఆమె నోట తాలు అన్న మాట వినీ వినీ విసిగి ఉన్నాడు. ఒక్క గింజతో ఆ నోరు మూతపడితే అంతకంటే చవక ఏముంది? పైగా దయగలవాడని పేరు.

"ఓటింగ్ ఎందుకు అధ్యక్షా! ఆడవాళ్లు నోరు తెరిచి అడిగారు. నా చేతులతో నేనే ఒప్పుకుంటున్నాను. ఒక్క గింజ కోత, ఆమోదం!"

సూరన్న బండ చరిచాడు. ఎలుగు కన్ను మూసుకోబోయాడు.

"అధ్యక్షా," అంది కూర్మమ్మ, రాయడం ఆపి. "నలభై రెండో నియమం. పద్దు ఏ కొంచెం తగ్గినా, గాదెని సభ ఎదట కొలిచి, తగ్గించినది తీశాక మిగిలింది ఎంతో రాయాలి. ఇంతవరకూ ఏ కోతా నెగ్గలేదు కనక ఎవరికీ అవసరం రాలేదు."

పాపయ్య నవ్వు సగంలో ఆగింది. "ఒక్క గింజ కోసం రెండువేల కుంచాలు కొలుస్తారా? నా ఇంట్లోంచి తెచ్చిస్తాను!"

"మీ ఇంట్లో గింజలేమిటి మంత్రిగారూ?" అంది అచ్చియ్యమ్మ. "మీరు వాటి జోలికే పోరుగా."

ఎలుగు రెండు కళ్లూ తెరిచాడు. "కొలవండి," అన్నాడు. నిద్ర చెడినందుకు ఆయనకి కోపంగా ఉంది.

సూరన్న కుంచం పట్టాడు. నూటముప్పై కుంచాల దాకా ధాన్యం బాగానే వచ్చింది. ఆ తర్వాతది ఎత్తి ఆయన తెల్లబోయాడు. "ఇదేంటర్రా, బరువే లేదు!"

అచ్చియ్యమ్మ ఒక గింజ తీసి కొరికింది. చప్పుడు లేదు. మరొకటి సభాపతి చేతిలో పెట్టింది. ఆయన కొరికి ఉమ్మేశాడు. అంతలో వాగు మీంచి గాలి వీచి, కొలిచి పోసిన తాలు లేచిపోయి, పొట్టు మొత్తం పాపయ్య మీసాలకి అంటుకుంది.

పైనుంచి కాకి అరిచింది. "వాగవతల మంత్రిగారి కోళ్లదొడ్డి చూడండి! గాదె గింజలు మేసి ఒక్కో పెట్ట గుమ్మడికాయంత! రోజుకొకటి తగ్గుతోంది కూడా!"

పాపయ్య వాగు దూకి పారిపోయాడు. దొడ్డినీ తాళాన్నీ వదిలేసి పోవాల్సి వచ్చింది. మిగిలిన నూటముప్పై కుంచాలూ బాలింతలకేనని సభ తీర్మానించింది. చెంగమ్మ తన తవ్వ ఒడిలో పోసుకుని, ఒక గింజ కొరికి చూసి, పిల్లల దగ్గరికి పరుగెత్తింది.

ధర్మంగా తీర్పిచ్చినందుకు సభాపతికి దండ వేశారు. అలుపు లేకుండా కొలిచినందుకు సూరన్నకి బెల్లం పెట్టారు. విందులో ఒకళ్ల మీద ఒకళ్లు పడి కూచుని, నక్క మీద తమకి మొదటి నుంచీ అనుమానమేనని చెప్పుకున్నారు. అచ్చియ్యమ్మ ఎడమవైపు చివర కూచుంది. చుట్టూ రెండు బారల ఖాళీ. తన విస్తట్లో గింజలు ఒక్కొక్కటే కొరికి తింది. గట్టిగా ఉన్నాయి. కిందటేడు ఉండాల్సినంత గట్టిగా.

ఉమ్మడి సొత్తు కొలిచి చూపించమని ఏటా అడగాలి. అడగని ఏడు తాలు తింటాం.

అచ్చియ్యమ్మ ఆ తర్వాత ఆరేళ్లు సభలో ఉంది. ప్రతి పద్దుల రోజునా ఒక్క గింజ కోత అడిగింది. కొత్త మంత్రి ముంగిస ఒక్కసారీ ఒప్పుకోలేదు.