ఇత్తడి తొడుగు, మేక మూతి

అనగనగా, తుపాకీ పేలితే కొండలన్నీ వంతులవారీగా బదులు పలికే ఒక సీమలో, లింగాచారి అనే కమ్మరి ఉండేవాడు. మూతిలోంచి మందు దట్టించి పేల్చే తుపాకులకు ఇత్తడి సామాను చెయ్యడంలో అతన్ని మించినవాడు లేడు. ఆ మాట ఊరికంటే ముందు అతనే అనేవాడు.

తుపాకీ కర్రపని చేసేది వడ్రంగి సోమాచారి. లింగాచారి భార్య పేరమ్మకు స్వయానా అన్న. లింగాచారి గృహప్రవేశంనాడు సోమాచారి నలుగురిలో, "బావా, నువ్వు చేసిన తలుపు కీలు కీచుమంటోందే!" అన్నాడు. అంతే! ఆనాటినుంచి మాటల్లేవు.

ఒకనాడు రాజుగారు కబురంపారు. "ఆయుధపూజ నాటికి నాకు కొత్త తుపాకీ కావాలి. కుదరకపోతే ఆస్థాన కమ్మరి పదవి పొరుగూరివాడికి ఇస్తాను."

అయినా లింగాచారి బావ గడప తొక్కలేదు. భుజానికి ఆనే కర్ర మడమకు ఇత్తడి తొడుగు కర్ర చూడకుండా ఊహమీదనే చేసి సోమాచారికి పంపాడు. అది వదులై తిరిగొచ్చింది. సందులో చీమలు పెళ్లి ఊరేగింపు తియ్యొచ్చు!

రెండోసారి బిగించి చేశాడు. అది ముసలాడి కాలికి పసిపాప కడియంలా అసలు ఎక్కనేలేదు.

పేరమ్మకు ఒళ్లు మండింది. ఇద్దర్నీ కొలిమి సావిట్లో కూర్చోబెట్టి, మధ్యన మేకను కట్టేసింది. "ఒకరితో ఒకరు మాట్లాడకపోతే ఈ మేకతో చెప్పుకోండి. తుపాకీ పూర్తికాకుండా ఎవరు లేచినా, వాళ్లకు నా చేతి ముద్ద లేదు!"

తొడుగు కుదిర్చే పద్ధతి ఒకటుంది. ఇత్తడికి లోపల నూనెమసి పూసి కర్రమీద ఒత్తాలి. మసి అంటినచోటే కర్ర ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ మాత్రమే ఉలి ఆడించాలి. మసి అంతటా సమంగా అంటేదాకా ఒత్తడం, చెక్కడం, మళ్లీ ఒత్తడం.

లింగాచారి తొడుగు ఒత్తి తీసి, మేకవైపు తిరిగాడు. "ఓ మేకా! మసి ఎడంపక్క అంటిందని ఆ పెద్దమనిషికి చెప్పు."

"ఓ మేకా! నాకూ కళ్లున్నాయని ఆ మహానుభావుడికి చెప్పు," అన్నాడు సోమాచారి.

మేకకు విసుగొచ్చింది. "అయ్యలారా, పొద్దుటినుంచి మీ మాటలే మేస్తున్నాను. కాస్త గడ్డి వెయ్యండి!"

ఎవరూ వినలేదు. సోమాచారి ఉలి నూరుకోవడానికి అటు తిరిగాడు. మేక తొడుగులోని నూనెమసి కమ్మగా నాకి, ఆ నల్లమూతిని కర్రకేసి రుద్దుకుంది. సరిగ్గా పలచని అంచుమీద పెద్ద మసిమచ్చ పడింది!

సోమాచారి ఇటు తిరిగి, ఆ మచ్చమీదే ఉలి పెట్టి సుత్తి ఎత్తాడు.

లింగాచారి చూశాడు. దెబ్బ పడితే అంచు విరుగుతుంది. విరిగితే తప్పు వడ్రంగిది. ఊరంతా నవ్వుతుంది. ఆహా, ఎన్నాళ్ల కసి! పెదవులు బిగించాడు. కానీ ఆ నున్నటి టేకు కర్రను చూస్తే ప్రాణం ఒప్పుకోలేదు.

"ఆగు బావా! అది నా మసి కాదు, మేక మూతి!"

సుత్తి గాలిలోనే నిలిచింది. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. "ఇంత గొంతు పెట్టుకుని ఇన్నాళ్లూ ఏం చేశావు బావా?" అన్నాడు సోమాచారి. "ముందు ఉలి తియ్యి, తరవాత తిట్టు!" అన్నాడు లింగాచారి. తిట్టుకుంటూనే పొద్దుగూకేలోగా తొడుగు కుదిర్చారు.

ఆయుధపూజనాడు రాజుగారు తుపాకీ పేల్చారు. కొండలు బదులు పలికాయి. కర్రకూ ఇత్తడికీ మధ్య గోరు కూడా దూరలేదు. రాజుగారు మెచ్చి లింగాచారికి శాలువా కప్పారు.

"ప్రభూ, తొడుగు నాదే. కుదిర్చిన ఉలి మా బావది," అన్నాడు లింగాచారి.

రాజుగారు నవ్వి, శాలువా రెండోకొస సోమాచారి భుజాన వేశారు. బావలిద్దరూ ఒకే శాలువాలో, నీ అడుగు వంకరంటే నీ అడుగు వంకరని పోట్లాడుకుంటూ ఇల్లు చేరారు. కొస మాత్రం ఎవరూ వదల్లేదు.

పంతం నోరు కట్టేస్తే పని పాడవుతుంది. పనిమీద ప్రేమున్నవాడే ముందు నోరు విప్పుతాడు.