సుంకి కట్టుకున్న గోడ

నీలిగుట్ట అడవిలో మద్ది, ఇప్ప, తునికి చెట్లు దట్టంగా ఉండేవి. వాటి మీద గువ్వలు, గోరింకలు, వడ్రంగిపిట్టలు, కొమ్ముపిట్టలు కాపురాలు చేసేవి. పొద్దున లేస్తే పోట్లాటలు, పొద్దు వాలితే రాజీలు. నలుగురు కలిసి బతికే చోట అంతే కదా!

ఆ అడవిలో ఒక పెద్ద మద్దిచెట్టు ఉండేది. దాని పై తొర్రలో తిరుపాలమ్మ అనే వడ్రంగిపిట్ట ఒంటరిగా ఉండేది. కింది తొర్రలో సుంకి, ఓబులు అనే కొమ్ముపిట్టల జంట ఉండేది. ముక్కు మీద చిన్న కొమ్ములాంటి బొడిపె ఉంటుంది కాబట్టి వాటికి ఆ పేరు.

కొమ్ముపిట్టల ఆచారం వింతగా ఉంటుంది. గుడ్లు పెట్టే వేళకు ఆడపిట్ట తొర్రలో దూరి, మట్టీ పండ్ల గుజ్జూ కలిపి వాకిలికి గోడ కట్టేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. లోపల రెక్కల ఈకలు రాలిపోతాయి. అవి మళ్ళీ మొలిచేదాకా ఎగరలేదు. అన్నాళ్ళూ మగపిట్టే పండ్లు తెచ్చి సందులోంచి అందించాలి. మగడి ముక్కు తప్ప మరో ముక్కు అటు వస్తే తల్లి పొడిచి తరుముతుంది. పిల్లల్ని కాజేసే దొంగలు అడవిలో తక్కువా?

ఓబులు ఎండనక వాననక మేడిపండ్లు మోసుకొచ్చేవాడు. గోడ మీద ముక్కుతో కొట్టి, "సుంకీ, వచ్చేశా" అనేవాడు.

లోపలి నుంచి సుంకి ముందుగా అడిగే మాట ఒకటే. "నువ్వు తిన్నావా?"

"తిన్నాలే, నువ్వు తిను."

పై తొర్రలో తిరుపాలమ్మ రోజూ ఈ మాటలు విని ముసిముసిగా నవ్వుకునేది. గుడ్లు పగిలి రెండు పిల్లలు బయటికి వచ్చిన రోజున ఓబులు చెట్టు చుట్టూ తిరిగి చేసిన హంగామా చూసి పడీపడీ నవ్వింది.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వడగళ్ళవాన కురిసింది. వాన వెలిశాక తిరుపాలమ్మ చీమల కోసం బయల్దేరింది. మేడిచెట్టు కింద ఓబులు పడి ఉన్నాడు. ఒళ్ళు చల్లబడిపోయింది. ముక్కులోంచి జారిన మేడిపండ్లు పక్కనే ఉన్నాయి. తిరుపాలమ్మ ఏం చేయాలో తోచక ఆ పండ్లను ఏరి తెచ్చి తన తొర్ర పక్కన బెరడు సందులో దాచింది.

కబురు విని పిట్టలన్నీ ఇప్పచెట్టు మీద చేరాయి. రాగాలయ్య అనే కొండగోరింక గొంతు సవరించుకున్నాడు. ఏ పిట్ట గొంతైనా అచ్చు దింపేస్తాడని అతనికి అడవంతా పేరు. ఆ పేరు అతనికి కాస్త తలకెక్కింది కూడా.

"సుంకికి ఎవరూ చెప్పొద్దు. పచ్చి బాలింత. వింటే గుండె ఆగిపోతుంది. ఆ సంగతి నాకు వదిలేయండి" అన్నాడు.

"నిజమే, తట్టుకోలేదు" అని అందరూ తలలూపారు.

తిరుపాలమ్మ కూడా తలూపింది. చెప్పడానికి ఆమెకూ భయమే. కానీ పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. తన మగడు పోయినప్పుడు కూడా అందరూ ఇలాగే, "అడవి దాటి వెళ్ళాడు, వస్తాడు" అన్నారు. తాను వాకిట్లో కూర్చుని ఎదురుచూస్తుంటే అందరూ చూపులు తప్పించుకునేవారు. ఆ ఎదురుచూపు ఆమె ఎన్నడూ మరిచిపోలేదు.

రాగాలయ్య మద్దిచెట్టు ఎక్కి గోడ పక్కన, సందులోంచి కనబడని చోట నిలబడ్డాడు. "సుంకీ, వచ్చేశా" అన్నాడు. అచ్చం ఓబులు గొంతే! పిట్టలకు ఒళ్ళు జలదరించింది.

"ఇంత ఆలస్యమా? వడగళ్ళు పడుతుంటే ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు తిన్నావా?" అంది సుంకి.

రాగాలయ్య తడబడ్డాడు. "తిన్నా... తిన్నాలే. పండ్లు దొరకలేదు. రేపు తెస్తా."

"నువ్వు తిన్నావు కదా, అది చాలు."

పై కొమ్మ మీద తిరుపాలమ్మ ముఖం తిప్పుకుంది. మిగతా పిట్టలు మాత్రం రాగాలయ్యను తెగ పొగిడాయి. అతను కూడా ఉబ్బిపోయాడు.

మర్నాడు గువ్వలు జాలిపడి నేరేడుపండ్లు తెచ్చాయి. సందు దగ్గర ముక్కు పెట్టాయో లేదో, సుంకి గట్టిగా పొడిచింది. "మా ఆయన వస్తాడు. మీ పండ్లు మాకొద్దు, పొండి!"

రాగాలయ్య మళ్ళీ గొంతు మార్చి, "సుంకీ, నాకు కాలు బెణికింది. చుట్టుపక్కల వాళ్ళు తెచ్చింది తీసుకో" అన్నాడు.

లోపలి నుంచి సుంకి గొంతు వినిపించింది. "పరాయి ముక్కు నుంచి తీసుకోమని మనవాళ్ళు చెప్పరే! నీకేమైంది? ఏదీ, ఒకసారి ముక్కు చూపించు."

రాగాలయ్య దగ్గర మాటలున్నాయి గానీ కొమ్ము ఎక్కడిది? చడీచప్పుడు లేకుండా ఎగిరిపోయాడు.

"ఏమయ్యా! పలకవేం? ముక్కు చూపించు!" సుంకి పిలుస్తూనే ఉంది. ఆ పిలుపులో అంతకుముందు లేని భయం చేరింది. ఆకలికి పిల్లల అరుపులు సన్నబడ్డాయి.

"తిరుపాలక్కా, నీ ముక్కు ఉలిలాంటిది కదా. ఆ గోడ పగలగొట్టు. బయటికి లాగేద్దాం" అంది ఒక గువ్వ.

"లాగి ఏం చేస్తావు? రెక్కలు లేవు, ఎగరలేదు. పునుగుపిల్లి వచ్చి ముగ్గుర్నీ ఎత్తుకుపోతుంది. ఆ గోడ ఆమె కట్టుకున్నది. తీసే రోజు ఆమే తీసుకుంటుంది" అంది తిరుపాలమ్మ.

అని ఊరుకోలేదు. బెరడు సందులోని మేడిపండ్లను ముక్కున కరుచుకుని కిందికి దిగింది. పది అడుగుల దూరం కూడా లేదు. కానీ అంత దూరం ఆమె ఎన్నడూ నడవలేదు. పండ్లను గోడ అంచున పెట్టింది.

"సుంకీ, నేను తిరుపాలత్తను. ఇవి ఓబులు నీ కోసం ఏరిన పండ్లు. కాస్త వాడాయి. తెస్తూ తెస్తూ వడగళ్ళ దెబ్బకు పడిపోయాడు. ఓబులు ఇక లేడమ్మా."

"అబద్ధం! ఇందాకే నాతో మాట్లాడాడు!"

"ఆ గొంతు ఓబులుది కాదు. రాగాలయ్యది. మేమంతా భయపడి దాచాం. నేను కూడా."

లోపల నుంచి ఏడుపు వినిపించింది. అడవంతా చిన్నబోయేలా ఏడ్చింది సుంకి. తిరుపాలమ్మ ఊరుకో అనలేదు, ధైర్యం చెప్పలేదు. బెరడును కాళ్ళతో గట్టిగా పట్టుకుని గోడ పక్కనే ఉండిపోయింది. ఆమె కళ్ళలోంచి కూడా నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

చాలాసేపటికి సుంకి అడిగింది. "నొప్పి పడ్డాడా అత్తా?"

"నాకు తెలియదమ్మా. నేను వెళ్ళేసరికే ప్రాణం లేదు."

"ఆ పూట ఏమైనా తిన్నాడా?"

తిన్నాడని ఒక్క మాట అంటే ఎంత తేలిక! తిరుపాలమ్మ ఆ తేలిక మాట అనలేదు. "అదీ తెలియదు. పండ్లు మాత్రం నీ కోసం మోసుకొస్తున్నాడు."

సందులోంచి సుంకి ముక్కు మెల్లగా బయటికి వచ్చింది. వాడిన మేడిపండ్లను ఒక్కొక్కటే అందుకుంది. "మీ నాయన తెచ్చాడు, తినండి" అని పిల్లలకు పెట్టడం బయటికి వినిపించింది. తను ఒక్కటి కూడా ఉంచుకోలేదు.

తర్వాత ఆమె అన్న మాట విని తిరుపాలమ్మ నివ్వెరపోయింది. "అత్తా, గువ్వల్ని పొడిచాను. ఏమీ అనుకోవద్దని చెప్పు. పండ్లు తెస్తే తీసుకుంటాను. ఎవరు వచ్చినా తమ గొంతుతో తమ పేరు చెప్పి రమ్మను."

తల్లి నుంచి తల్లికి వచ్చిన కట్టుబాటు అది. రెక్కల్లేని ఒంటరి పిట్ట, ఏడ్చి ఏడ్చి ఇంకా కళ్ళు తుడుచుకోని పిట్ట, పిల్లల కోసం ఒక్క మాటతో దాన్ని పక్కన పెట్టేసింది. తట్టుకోలేదని తామంతా తీర్మానించింది ఈమె గురించా! తిరుపాలమ్మకు సిగ్గేసింది.

అప్పటి నుంచి గువ్వలు, గోరింకలు వంతులేసుకుని వచ్చాయి. రాగాలయ్య కూడా ఒక రోజు ఇప్పపండుతో వచ్చి తల దించుకుని, "నేను రాగాలయ్యని" అన్నాడు.

సుంకి పండు అందుకుంది. "అచ్చం ఆయన గొంతే మామా. ఎంత బాగా చేశావో! ఇంకెప్పుడూ చేయకు."

రాగాలయ్య తన గూటికి వెళ్ళాడు. కూత వేస్తే, సుంకి సంగతి అప్పటికే విన్న అతని పిల్లలు నోళ్ళు తెరవలేదు. లోపలికి ముడుచుకున్నాయి.

"నేనేరా, మీ నాన్నని!"

చిన్నది ముఖం బయటపెట్టకుండానే అడిగింది. "నాన్నా, నువ్వు చచ్చిపోతే నీ గొంతుతో మా దగ్గరికి ఎవరొస్తారు?"

ఆ పిల్లలు పెద్దవయ్యేదాకా, అతను ఎదుటపడి ముఖం చూపిస్తే తప్ప నోరు తెరవలేదు. అడవిలో అందరి గొంతులూ దింపినవాడు సొంత గొంతుకు విలువ పోగొట్టుకున్నాడు.

ఎండలు తగ్గేనాటికి సుంకికి కొత్త ఈకలు మొలిచాయి. ఒక పొద్దున గోడ మీద టకటకమని చప్పుడైంది. తిరుపాలమ్మ పరుగున బయటికి వచ్చింది. ముక్కు ఉలిలాంటిదైనా సాయం పట్టలేదు. చూస్తూ నిలబడింది. గోడ పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. సుంకి చిక్కి సగమై బయటికి వచ్చి, తూలుతూ ఎగిరి పక్క కొమ్మ పట్టుకుంది.

పిల్లలకు ఇంకా రెక్కలు రాలేదు. అవి భయంతో అరిచాయి.

"నేనెక్కడికీ పారిపోవడం లేదు. మీ నాయన పండ్లు ఏరిన చోటికే వెళ్తున్నా. గోడ కట్టుకోండి. సందు వదలడం మరవకండి" అంది సుంకి.

చిన్ని ముక్కులతో అవి రాలిన మట్టిని మళ్ళీ అతికించసాగాయి. వంకరటింకరగానే అయినా గోడ లేచింది.

సుంకి మేడిచెట్టు కింద కాసేపు నిలబడింది. కన్నీళ్ళు పెట్టుకుంది. తర్వాత పైకెగిరి పండ్లు కోసుకుని వచ్చింది. గోడ మీద ముక్కుతో కొట్టి, తన గొంతుతోనే, "అమ్మను వచ్చా" అంది.

లోపలి నుంచి పిల్లలు అడిగాయి. "అమ్మా, నువ్వు తిన్నావా?"

సుంకి గోడకు తల ఆనించింది. "లేదు. మీరు తిన్నాక తింటాను" అంది.

నీతి: చావును దాచిపెడితే దుఃఖం తగ్గదు, దానికి భయం తోడవుతుంది. అయినవాళ్ళకు నిజం చెప్పి పక్కన నిలబడితే, లేచి నిలబడే బలం వాళ్ళకే వస్తుంది.