చిన్న దూడకు పత్తి చెక్క

"గురువుగారూ, చిన్నపిల్లలకి పాఠం చెప్పే యోగ్యత నాకింకా రాలేదంటారా?" అని చిదంబరం అడిగిన రోజున విశ్వపతి గారు అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆశ్రమంలోని గేదెను, దాని దూడను అతనికి అప్పగించి ఊరుకున్నారు.

చిదంబరం దాన్ని పరీక్ష అనుకున్నాడు. అనుకున్నాక మొదటి స్థానం రాకపోతే అతనికి నిద్ర పట్టదు. పత్తి గింజల నుంచి నూనె తీశాక మిగిలే పత్తి చెక్కను నానబెట్టి కుడితిలో కలిపి పెడుతుంటే గేదె చిక్కటి పాలిస్తోంది. తల్లికింత బలమిచ్చేది పిల్లకి మాత్రం చేదా అని, పాలు మరవని దూడకి కూడా రోజూ దోసెడు తినిపించాడు. అది చెయ్యి నాకితే, కన్నతల్లి తానే అన్నంతగా మురిసిపోయాడు.

కొన్ని వారాలకి దూడ మేత మానేసింది. డొక్కలెగరేస్తూ, నోరు తెరిచి రొప్పసాగింది.

"ఏం పెట్టావురా?" అన్నారు గురువుగారు.

"మంచిదేనండీ... తల్లికి పెట్టేదే. పత్తి చెక్క."

ఆయన ముఖం నల్లబడింది. "ఆ గింజలో విషముందిరా. పెద్దదాని కడుపు కొంతవరకు తట్టుకుంటుంది. దీని ఒంట్లో అది పేరుకుపోతుంది."

"విరుగుడు?"

"లేదు. చెక్క ఆపు, పాలు తాగనీ. బెదరనివ్వకు, పరుగెత్తనివ్వకు. ఉన్నట్టుండి గుండె ఆగిపోవచ్చు."

అంతవరకు గోడలదిరేలా మాట్లాడిన చిదంబరం ఇక పాకలో గుసగుసగానైనా మాట్లాడలేదు. తుమ్మొస్తే ముక్కు నొక్కుకుని పొలం దాకా పరుగెత్తేవాడు. దూడ కన్ను మూస్తే, అది నిద్రేనని తేలేదాకా ఊపిరి బిగబట్టేవాడు. తన చేత్తో, ముద్దు చేస్తూ మరీ పెట్టాడు!

ఒక ఉదయం దూడ తడబడుతూ లేచి తల్లి పొదుగును కుమ్మింది. చిదంబరం గుంజని పట్టుకుని ఏడ్చేశాడు.

"గండం గడిచినట్టేనా అండీ?"

"ఇంకొన్నాళ్లు చూడాలి. ఈలోగా ఆ మిగిలిన చెక్క వంగ మొక్కలకి వెయ్యి. మంచి ఎరువు."

చిదంబరం గుప్పెడు తీసుకుని మొక్క దగ్గర వంగాడు. అలాగే ఆగిపోయాడు. "మొదలు దగ్గర వేస్తే వేరు మాడుతుందా అండీ? ఎంత ఎడంగా వెయ్యాలి? కుక్కలు తినకుండా మట్టి కప్పనా?"

"జానెడు ఎడంగా వేసి కప్పు. చెయ్యెందుకురా అలా వణుకుతోంది?"

"లేత మొక్క కదండీ."

విశ్వపతి గారు చాలా రోజులకి నవ్వారు. "ఆ వణుకు పోగొట్టుకోకు. రేపు పిల్లల్ని పంపిస్తాను."