పిలుపులు కొన్న మాంత్రికుడు

అనగనగా, మన తాతల తాతలు కూడా ఇంకా ఉయ్యాల ఎక్కని రోజుల్లో, కలువకొండ అనే రాజ్యాన్ని కుముదసేనుడు అనే రాజు ఏలుతుండేవాడు. రాజంటే మీరనుకునే రాజు కాదు. కిరీటం ఇత్తడిది, సింహాసనం వేపచెక్కది. ఊఁ కొట్టండి మరి, కొడితేనే నాకు చెప్పబుద్ధవుతుంది.

కలువకొండ పేద రాజ్యం. ఉప్పున్న ఇంట్లో చింతపండు ఉండదు, చింతపండున్న ఇంట్లో నిప్పుండదు. అందుకని తెల్లారిందంటే వీధంతా పిలుపులే. "వదినా, ఇంట్లో ఉన్నావా? పిడక మీద కాస్త నిప్పు పెట్టు." "పెద్దమ్మా, చెంబెడు మజ్జిగ పొయ్యి." "ఒరే తమ్ముడూ, మీ ఎద్దు ఖాళీగా ఉంటే పంపరా." రాజుగారి ముగ్గురు కొడుకులూ ఆ పిలుపుల మధ్యే పెరిగారు. పెద్దవాడు హేమకేతుడు, నడిమివాడు రత్నకేతుడు, చిన్నవాడు సుకేతుడు. పొద్దుగూకే వేళ రాణి పూర్ణవతి గుమ్మంలో నిలబడి, "నాయనా, చిన్నోడా" అని పిలిచేది. సుకేతుడు ఏ చెట్టుకొమ్మన ఉన్నా దూకి పరిగెత్తుకొచ్చేవాడు.

ఇదంతా విని పేదరికం బాగుంటుందనుకునేరు. బాగుండదు. వానలు పడని ఏడు, పొరుగువాళ్ళు పిలిచినా పెట్టడానికేమీ లేక జనం తలుపులు వేసుకుని ఏడ్చారు. పాలు లేక పసిపిల్లలు పోయారు. రాజు ఆ ఇళ్ళ ముందు నిలబడి అన్నీ చూశాడు. పైగా పొరుగు రాజుల దూతలు వచ్చి, "మీ రాజ్యంలో అందరూ అడుక్కునేవాళ్ళేనా?" అని నవ్వారు. ఆకలి ఒక పక్క, అవమానం ఒక పక్క. రాజుకు కంటిమీద కునుకు లేదు.

అప్పుడొచ్చాడు మౌనసిద్ధుడనే మాంత్రికుడు, ఏడు సముద్రాల అవతలి నుంచి, చేతిలో చిలక పంజరంతో.

"రాజా, ప్రతి ఇంటికీ తరగని గాదె ఇస్తాను, ఆరని పొయ్యి ఇస్తాను, నిండిన బోషాణం ఇస్తాను. బదులుగా నాకొకటి కావాలి."

"ప్రాణమా?" అన్నాడు రాజు.

"ప్రాణం నేనేం చేసుకుంటాను? మీవాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే పిలుపులు కావాలి. అడగాల్సిన పనే లేనప్పుడు పిలవాల్సిన పనేముంది?"

రాజు కళ్ళ ముందు పోయిన పసిపిల్లలు మెదిలారు. "తీసుకో" అన్నాడు. మీరైనా అదే అనేవారు, నేనైనా అదే అనేవాణ్ణి. మాంత్రికుడు పంజరం తలుపు తీశాడు. కలువకొండ పిలుపులన్నీ చిలక గొంతులోకి వెళ్ళిపోయాయి.

గాదెలు నిండాయి. పిల్లలు బతికారు. అది నిజం, దాన్ని కాదంటే కళ్ళు పోతాయి. మొదట్లో రోజూ పండగే. మట్టి గోడలు పాలరాతి గోడలయ్యాయి, తడికలు బంగారు తలుపులయ్యాయి. తర్వాత్తర్వాత ఎవరి తలుపు వాళ్ళు వేసుకున్నారు. నిప్పు కోసం పోనక్కర్లేదు, మజ్జిగ కోసం పోనక్కర్లేదు. ఎప్పుడైనా మనసు లాగి పొరుగింటి గుమ్మం దాకా వెళితే నోరు తెరుచుకునేది గానీ పిలుపు వచ్చేది కాదు. కాసేపు నిలబడి, గాజులు సవరించుకుని, వెనక్కి వచ్చేసేవాళ్ళు.

కోటలోనూ అంతే. రాజుకొక మేడ, రాణికొక మేడ, కొడుకులకు తలొక మేడ. దాసీలు లేరు. అందరి గాదెలూ నిండాక కొలువుకెవరొస్తారు?

ఒక వేసవిలో రాణికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే. గొంతెండినప్పుడు గుక్కెడు నీళ్ళిచ్చే మనిషి ఉంటే తగ్గిపోయేది. అంత మేడలో ఆమె ఎవరినీ పిలవలేకపోయింది. తెల్లారి సుకేతుడు వెళ్ళేసరికి మంచం దిగి గుమ్మం దాకా పాకి, అక్కడే ఉండిపోయింది. చెయ్యి చిన్నకొడుకు మేడ వైపు చాచి ఉంది.

పాడె మోయడానికి తండ్రీ ముగ్గురు కొడుకులూ తప్ప ఐదో మనిషి రాలేదు. జనం కిటికీల్లోంచి చూశారు. వాళ్ళకూ ఏడుపొచ్చింది పాపం, రావడమే చేతకాలేదు. రాజు శ్మశానం నుంచి వచ్చి మంచమెక్కాడు. మళ్ళీ దిగలేదు.

పిండం పెట్టిన నాడు ఒక కాకి వచ్చి వాలింది. ముట్టుకోలేదు.

"ఎందుకు ముట్టవు?" అన్నాడు సుకేతుడు.

"మీ అమ్మ కోరిక ఒకటి తీరలేదు నాయనా" అంది కాకి. "కడసారి నిన్ను పిలవాలనుకుంది. పిలుపు గొంతులోకి రాలేదు. అది ఏడు సముద్రాల అవతల, మాంత్రికుడి చిలకలో ఉంది. వాడి ప్రాణమూ ఆ చిలకలోనే ఉంది. చిలక పోతే వాడూ పోతాడు, మీ పిలుపులు మీకొస్తాయి." అని ఒక్క మెతుకు నోట కరుచుకుని, కావ్ కావ్ మని తనవాళ్ళందరినీ పిలిచింది. ఆకాశం నల్లబడేటన్ని కాకులు వచ్చాయి. మెతుకు కోసం కాకి పిలవగలుగుతోంది, ఇంత సంపదలో తాము పిలవలేకపోయారు. సుకేతుడికి సిగ్గేసింది.

అన్నల దగ్గరికి వెళ్ళాడు. "అమ్మ పోయినట్టు నాన్న పోకూడదు. ఆయన పిలిస్తే పలికేవాళ్ళుండాలి. పిలుపులు తెద్దాం రండి" అన్నాడు. వాళ్ళకూ కడుపులో తల్లి బాధ ఉంది. ముగ్గురూ సంచుల నిండా కాసులు నింపుకుని బయల్దేరారు. కాకి ముందు ఎగురుతూ దారి చూపింది.

పోగా పోగా ఒక రాజ్యం వచ్చింది. పొలాలు బీటలు వారాయి, పొయ్యిల్లో పిల్లులు పడుకున్నాయి. రత్నకేతుడు జాలిపడి గుప్పెడు కాసులు విసిరాడు. వందమంది కాళ్ళ మీద పడ్డారు. ఇంకో గుప్పెడు విసిరాడు, ఇంకో వందమంది పడ్డారు. ఊళ్ళో కాసులు పెరిగాయి గానీ గింజలు పెరగలేదు. నిన్న ఒక కాసుకు దొరికిన సేరు నూకలకు ఇవాళ పిడికెడు కాసులు పొయ్యాల్సి వచ్చింది. ఆకలి అలాగే ఉంది. కానీ దండాల రుచి మరిగాక రత్నకేతుడికి అదేం కనిపించలేదు. "ఇక్కడ నేను దేవుణ్ణి. మీరు వెళ్ళండి" అన్నాడు.

మరికొంత పోగా ఇంకో రాజ్యం వచ్చింది. అక్కడ చీపుళ్ళకు కూడా వెండి పిడులు. అయినా ఒక్కరి ముఖాన కళ లేదు. ప్రతివాడూ మెడ పైకెత్తి పక్కింటి శిఖరం చూస్తున్నాడు. పక్కవాడిది జానెడు ఎక్కువుంటే అన్నం సయించదు. తనది జానెడు పెంచితే పక్కవాడికి నిద్ర పట్టదు. హేమకేతుడు నవ్వుతూనే ఒక ఇల్లు కొన్నాడు. మర్నాడు పక్కింటి శిఖరం చూశాడు, అంతే. "ఇంకొక్క అంతస్తు లేపి వస్తాను, నువ్వు నడుస్తూ ఉండు" అన్నాడు. సుకేతుడు వాగు దాకా పోయి వెనక్కి తిరిగితే అన్న మెడ అలాగే పైకెత్తి ఉంది.

ఒంటరిగా ఏడుస్తూ సముద్రపు ఒడ్డుకు చేరాడు. దాని పేరు గవ్వలపాడు. పెంకుటిళ్ళు, పూరిళ్ళు, వలలు, ఎండు చేపల వాసన. అక్కడి రాజు కూడా తెప్ప వేసుకుని వేటకు పోతాడు. పడవలు ఒడ్డుకు రాగానే మొదటి గంప, ఆ రోజు వల ఖాళీగా తెచ్చుకున్నవాడి ఇంటికి పోవడం అక్కడి ఆచారం. అందుకని అక్కడ పెద్ద శ్రీమంతులూ లేరు, పస్తున్నవాళ్ళూ లేరు.

గంపలు పంచుతున్న పిల్ల అతన్ని చూసి, పేరడగక ముందే, "తిన్నావా?" అంది. ఆమె రాజుగారి కూతురు, పగడాల. తల్లి పోయాక సుకేతుణ్ణి ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే. కంచం ముందు పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే కథంతా చెప్పాడు.

"మీరెంత అదృష్టవంతులు" అన్నాడు చివరికి.

"అదృష్టమేం లేదయ్యా. సముద్రం పోటు ఎక్కిన రోజు మేమూ మనుషుల్ని పోగొట్టుకుంటాం, మేమూ ఏడుస్తాం. కాకపోతే ఒక్కళ్ళమే ఏడవం" అంది పగడాల. "ఇంతకీ ఆ మాంత్రికుడి తలుపు ఎలా తీయిస్తావు?"

కాకి చెప్పింది. "ఏడు తలుపులు, ఏడూ లోపలి గడియలే. కత్తికి తెగవు. పేరుపెట్టో వరసపెట్టో మనిషి పిలిస్తేనే తెరుచుకుంటాయి. ఇతనికి పిలుపు లేదు."

పగడాల అతన్ని దోసిలి పట్టమంది. "నా పిలుపు బదులు పట్టుకుపో. ఒక్కటే సుమా. ఎవరిని పిలిస్తే వాళ్ళు పలుకుతారు. నువ్వు తిరిగొచ్చేదాకా నేను ఎవరి గుమ్మంలోనూ పిలవలేను. కనుక తొందరగా రా" అని అతని దోసిట్లోకి ఊదింది. సుకేతుడు దాన్ని గొంతులో దాచుకున్నాడు.

ఒడ్డున చిరిగిన వలలో ఒక ముసలి తాబేలు చిక్కుకుని ఉంటే సుకేతుడు ముళ్ళు విప్పాడు. "నా వీపెక్కు" అంది తాబేలు. ఉప్పు సముద్రం దాటింది, పాల సముద్రం దాటింది, ఇలా ఒక్కొక్కటే ఏడూ దాటింది. ఏడో దాని అవతల మాంత్రికుడి దీవి. ఇసుకంతా బంగారమే. ఆ ఇసుక మీద ఒక్క అడుగు జాడ లేదు.

మేడ గోడకు చెవి ఆనించాడు సుకేతుడు. లోపల చిలక పిలుస్తోంది. "వదినా, ఇంట్లో ఉన్నావా?" "పెద్దమ్మా, చెంబెడు మజ్జిగ." కలువకొండ వీధంతా లోపలే ఉంది. ప్రతి పిలుపుకూ ఒక ముసలి గొంతు, "ఆఁ, వస్తున్నా, ఉన్నానమ్మా, ఉన్నా" అని బదులు చెప్పుకుంటోంది. ఆ తర్వాత చిలక ఇంకో గొంతుతో, నీరసంగా, "నాయనా, చిన్నోడా, ఒక్కసారి ఇలా రా" అంది.

ఆ రాత్రి అమ్మ గొంతులోకి రాని పిలుపు అదే. తన గొంతులో ఉన్నది ఒక్కటే పిలుపు. "అమ్మా" అంటే ఆమె ఒక్కసారి పలుకుతుంది. ఆ పలుకు విని చచ్చిపోయినా చాలనిపించింది. అంతలో మంచంలో ఉన్న తండ్రి గుర్తొచ్చాడు. పళ్ళు బిగబట్టి గుమ్మం ముందుకు వచ్చి, "మామా, ఇంట్లో ఉన్నావా?" అన్నాడు.

లోపల ఒక గడియ తీసిన చప్పుడు, ఇంకొకటి, ఇంకొకటి. ఏడో తలుపు తీసుకుని మాంత్రికుడు బయటికొచ్చాడు. పంజరం చేతిలోనే ఉంది.

"నన్నేనా? నన్నేనా పిలిచావు?" అన్నాడు. "ఎంత దూరం నుంచొచ్చావో ఏమో, ఉండు నాయనా, కాళ్ళకు నీళ్ళు తెస్తాను." అని పంజరం అరుగు మీద పెట్టి లోపలికి పరిగెత్తాడు.

సుకేతుడు పంజరం తెరిచి చిలకను పట్టుకున్నాడు. పిడికిట్లో దాని గుండె కొట్టుకుంటోంది. మాంత్రికుడు చెంబుతో వచ్చి చూశాడు. అరవలేదు, మంత్రం చదవలేదు. మెల్లగా చెంబు కింద పెట్టాడు.

"కలువకొండ పిల్లాడివా. పుట్టి బుద్ధెరిగాక నన్ను పిలిచినవాడివి నువ్వొక్కడివే. ఇంకొక్కసారి పిలు నాయనా, తర్వాత నీ ఇష్టం" అన్నాడు.

సుకేతుడు నోరు తెరిచాడు. ఉన్న ఒక్క పిలుపూ అయిపోయింది. ఏమీ రాలేదు. కళ్ళు మూసుకుని చిలక మెడ విరిచాడు. మాంత్రికుడు గుమ్మంలోనే ఒరిగిపోయాడు. పిలుపులన్నీ గుంపుగా లేచి సముద్రం మీదుగా వెళ్ళిపోయాయి. అమ్మ పిలుపు మాత్రం అతని చెవి పక్కన ఒక్క క్షణం ఆగింది. "వచ్చానమ్మా" అన్నాడు. అదీ పోయింది. తన పిలుపు మాత్రం గొంతులోకి తిరిగొచ్చింది. మాంత్రికుణ్ణి ఇంకోసారి పిలిచే సమయం అప్పటికే దాటిపోయింది.

తాబేలు అతన్ని గవ్వలపాడులో దించింది. సుకేతుడు పగడాల ఇంటి గుమ్మంలో నిలబడి, "పగడాలా, ఉన్నావా?" అని బదులు తీర్చేశాడు. ఆమెను పెళ్ళాడి వెంట తీసుకెళ్ళాడు. దారిలో అన్నలు ఎదురొచ్చారు. ఒకడు శిఖరం మీద, ఒకడు దండాల మధ్య ఉండగా, ఉన్నట్టుండి నోటి వెంట "అమ్మా" అని వచ్చిందట, ఇద్దరూ అక్కడికక్కడే కూలబడి ఏడ్చారట.

కోట మెట్లెక్కుతుంటే ముసలి రాజు గొంతు వినిపించింది. "నాయనా, చిన్నోడా." "వస్తున్నా నాన్నా" అని సుకేతుడు పరిగెత్తాడు. రాజు ఆ వానాకాలం చివర పోయాడు. ఆ రోజు వీధి పట్టనంతమంది వచ్చారు.

మాంత్రికుడు పోవడంతో తరగని గాదెలు తరిగాయి. "బువ్వ పోగొట్టి మాటలు తెచ్చాడు" అని తిట్టినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళది తప్పనడానికి లేదు. సుకేతుడు రాజై చెరువులు తవ్వించాడు. పంట రాగానే మొదటి కొలత పండనివాడి ఇంటికి పోవాలన్నాడు. కలువకొండ మళ్ళీ బంగారు రాజ్యం కాలేదు, మళ్ళీ పసిపిల్లలు పోయే రాజ్యమూ కాలేదు. పగడాలా సుకేతుడూ జుట్టు నెరిసేదాకా చల్లగా ఏలారు. పిల్లలు, మనవలు, ముని మనవలు.

ఇక్కడితో ఈ కథను కంచికి సాగనంపొచ్చు. కానీ ఒక మాట మిగిలింది. ముసలివాడైన సుకేతుడు ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని వీధిలో పిలుపులు వింటూ వింటూ కళ్ళు తుడుచుకున్నాడు.

"నేనతన్ని అడగనేలేదు, పగడాలా" అన్నాడు.

"ఎవరిని? ఏమని?"

"ఆ మాంత్రికుణ్ణి. మా పిలుపులు మాకిచ్చెయ్యమని. అన్నేళ్ళు ఎవరినీ ఏమీ అడగకుండా బతికిన ఊరి నుంచి వెళ్ళాను కదా. అడగొచ్చని నాకు తోచనే లేదు. నా కాళ్ళకు నీళ్ళు తెచ్చినవాడు, అడిగితే ఇచ్చేవాడేమో."

పగడాల అతని చెయ్యి పట్టుకుంది. ఇచ్చేవాడు కాదులే అని చెప్పాలనుకుంది. చెప్పలేకపోయింది.