సుంకాధికారి ఒళ్లో పాప

కనకగిరి రాజు విజయభూపతి, మనవడి బోసినవ్వు చూసి పొంగిపోయి, పసిబిడ్డ ఉన్నవారికి ఆ ఏడు పన్ను మాఫీ అని చాటింపు వేయించాడు.

అమలు చేసే పని సుంకాధికారి భైరవయ్యది. ఆయనకు తన తెలివి మీద ఎంత గౌరవమంటే, అద్దంలో కనబడినప్పుడల్లా నమస్కారం పెట్టుకునేవాడు.

మర్నాడు నేతపని చేసే ఓబుళమ్మ మనవరాలిని చంకనేసుకుని సభకు వచ్చింది. మగ్గం పన్ను కట్టకపోతే సాయంత్రానికి మగ్గాన్నే పట్టుకుపోతామన్నారట సుంకం భటులు.

“కొడుకూ కోడలూ చెరువు పనికి పోతే పొద్దస్తమానం ఈ పిల్లను సాకేది నేనే దొరా. మాఫీ ఇప్పించండి,” అంది.

భైరవయ్య మీసం దువ్వాడు. “మగ్గం నీది, బిడ్డ నీ కొడుకుది. నీకు బిడ్డ లేదు కనుక మాఫీ లేదు. నీ కొడుక్కి బిడ్డ ఉంది, మగ్గం లేదు. మాఫీ చేయడానికి వాడికి పన్నే లేదు.”

“అందరం ఒక్క కుండలో కూడే తింటాం గదయ్యా.”

“చాటింపులో కుండ ఊసు లేదు.”

ముసలమ్మ కళ్లు తుడుచుకుంది. రాజుకు జాలేసింది.

రాజుకు తాంబూలం అందించే కోనప్ప ముందుకొచ్చాడు. “బిడ్డ అవ్వది కాదు, తండ్రి ఇక్కడ లేడు. సుంకం చావడిలో సొంతదారు లేని సరుకు దొరికితే ఏం చేస్తారయ్యా?”

“సొంతదారు వచ్చేదాకా నా దగ్గరే ఉంచుతాను. ఆ నియమం పెట్టింది నేనే,” అన్నాడు భైరవయ్య గర్వంగా.

“అయితే ఉంచండి.”

కోనప్ప పాపను ఆయన ఒళ్లో కూర్చోబెట్టాడు.

పాప రెండు చేతులా మీసం లాగింది. గుక్కపట్టి ఏడ్చింది. భైరవయ్య తన అధికార ముద్ర చూపిస్తే నోట్లో పెట్టుకుంది. ఆపైన కొత్త పట్టుపంచె తడిపేసింది.

“దీని తండ్రి ఎప్పుడొస్తాడు?”

“పొద్దుగూకినాక,” అంది ఓబుళమ్మ.

“నీకు దండం పెడతాను తల్లీ, నీ బిడ్డను నువ్వు తీసుకో!”

అవ్వ చంకనెక్కగానే పాప ఏడుపు మానేసింది. కోనప్ప రాజుకు చేతులు జోడించాడు.

“బిడ్డ ఎవరిదో సుంకాధికారిగారే తేల్చారు ప్రభూ.”

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. “ఓబుళమ్మకు మాఫీ. కోనప్పకు పట్టుపంచె, ఆమె మగ్గం మీదే నేయించండి.”

భైరవయ్య తడిసిన కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని గొణిగాడు.

“రెండు నేయించండి ప్రభూ.”