కలిసినదీ, కలిసిపోయినదీ

ఏటి మలుపులో, కొండను ఆనుకుని కోట కట్టుకున్న రాజుల్లో గజసింహ భూపతి అని ఒకాయన ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. కాని తనకు తెలియనిది లోకంలో లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి అడ్డు చెప్పినవాళ్ళంతా కోట బయటే బతుకుతున్నారు. లోపల నెట్టుకొస్తున్నవాళ్ళలో వల్లభయ్య ఒకడు. అతని మాట చమత్కారమే గాని గుండె పిరికిది. సభంతా నవ్వే మాట ఒకటి అనేసి, ఇల్లు చేరేదాకా మెడ తడుముకుంటూ ఉండేవాడు.

ఒకసారి రాజుగారు కొత్త సభామండపం కట్టించి, దాని మీది రాగి కలశానికి బంగారు పూత వేయించాలనుకున్నారు. వల్లభయ్య పొరుగు సీమ నుంచి లింగోజు అనే పనివాణ్ణి పిలిపించాడు. "ఇతని చేతికి నేను పూచీ" అని నిండు సభలో చెప్పాడు కూడా. లింగోజు చేతికి ఎంత పేరుందో, నోటి దురుసుకూ అంత పేరుంది. ఆ సంగతి మాత్రం వల్లభయ్య ఎవరికీ చెప్పలేదు.

లింగోజు ఖజానా బంగారాన్ని పలుచని రేకులుగా సాగగొట్టి, రాతి కల్వంలో పాదరసం పోసి నూరాడు. సరిగ్గా అప్పుడే రాజుగారు పని చూడ్డానికి వచ్చారు. కల్వంలో వెన్నలాంటి తెల్లటి ముద్ద ఉంది. పసుపు రంగు వెతికినా లేదు.

"నా బంగారం ఏదీ?" అన్నారు రాజుగారు.

"అందులోనే ఉంది ప్రభూ. పాదరసంలో కలిసింది."

"కలిస్తే కనపడాలి గదా. బియ్యంలో పెసలు కలిస్తే రెండూ కనపడతాయి. ఇసుకలో బంగారు రజను కలిస్తే కడిగి తీస్తారు. కలిపినదేదైనా విడదీయవచ్చు. విడదీయరానిది అందులో లేనట్టే."

"ఇది పెసలు ఏరడం కాదు ప్రభూ" అన్నాడు లింగోజు.

వల్లభయ్య కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి రాజుగారి ముఖం కందిపోయి ఉంది.

"రేపు సభలో నా బంగారం వేరుచేసి చూపించు. జల్లెడ పడతావో, చెరుగుతావో, నీళ్ళలో కడుగుతావో నీ ఇష్టం. చూపలేకపోతే దొంగిలించిన చెయ్యి తెగుతుంది."

"నిప్పు మీద పెడితే రసం ఆవిరైపోతుంది ప్రభూ, బంగారం మిగులుతుంది."

"నిప్పు పనికిరాదు. నిప్పూ పొగా ఉన్నచోట చేతివాటం కనపడదు. ఇది మా ఆజ్ఞ." రాజుగారు గుమ్మం దగ్గర ఆగి వల్లభయ్య వైపు చూశారు. "పూచీ పడ్డవాడికి దేశబహిష్కారం."

ఆ పూట వల్లభయ్య కాసేపు తన సంగతి, కాసేపు లింగోజు చెయ్యి సంగతి తలచుకున్నాడు. పిలిపించింది తను. ఆ చెయ్యి పోతే ఎక్కడికి వెళ్ళి బతికినా తనకు సుఖం ఉండదు. పొద్దు వాలకముందే కాపలావాళ్ళను బతిమాలుకుని, బందీగా ఉంచిన లింగోజును చూడ్డానికి వెళ్ళాడు. ముద్ద ఉన్న కల్వం కూడా అక్కడే, కాపలాలో ఉంది.

"జల్లెడ పడితే ఏమవుతుంది?" అని అడిగాడు.

"జల్లెడ పైనా ముద్దే, కిందా ముద్దే. ఇసుకలో కలిసిన బంగారం ఇసుక పక్కన ఉంటుందయ్యా. రసంలో కలిసింది పక్కన ఉండదు, లోపలికి పోతుంది." లింగోజు గొంతులో ఇప్పుడు దురుసు లేదు.

వల్లభయ్య కల్వంలోకి వేలు పెట్టబోయాడు. లింగోజు గబుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ముందు ఉంగరం తీయండయ్యా. బంగారం తగిలితే రసం వదలదు. ఉంగరం తెల్లబడిపోతుంది."

వల్లభయ్య చెయ్యి వెనక్కు తీసుకుని చాలాసేపు తన ఉంగరం కేసి చూశాడు. "మళ్ళీ పచ్చబడుతుందా?"

"నిప్పు చూపిస్తే పడుతుంది."

"తప్పకుండా?"

"వేడి మించితే ఉంగరమే పాడవుతుంది. నా చేతికి వదిలేస్తే పడుతుంది."

మర్నాడు సభ నిండింది. కల్వాన్ని సింహాసనం ముందు పెట్టారు. వల్లభయ్య ముందుకు వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, ఇతను బంగారం ఉందంటాడు. నా కళ్ళకు కనపడదు. మావి మామూలు కళ్ళు, మామూలు చేతులు. ఏలినవారి చెయ్యి పడితే గాని నిజం తేలేట్టు లేదు."

రాజుగారికి ఆ మాట నచ్చింది. కుడిచెయ్యి ముద్దలో పెట్టి, అందరికీ కనపడేట్టు పిసికి పిసికి వెతికారు. ఆ వేలికి తాతగారి నాటి బంగారు రాజముద్ర ఉంగరం ఉంది. వల్లభయ్యకు లోకంలో అదొక్కటే కనపడుతోంది.

"లేదు. ఒక్క పలుకు కూడా లేదు" అన్నారు రాజుగారు. పరిచారకుడు చేతుల మీద నీళ్ళు పోశాడు.

"ప్రభూ" అన్నాడు వల్లభయ్య. "తాతగారి బంగారు ఉంగరం ఏదండీ?"

రాజుగారు వేలు చూసుకున్నారు. ఉంగరం వెండిలా తెల్లగా ఉంది. ఉత్తరీయంతో తుడిచారు. గట్టిగా రుద్దారు. తెలుపు పోలేదు.

"ఎవడు మార్చాడు దీన్ని?"

"ఏలినవారి చేతి దగ్గరకు ఎవరూ రాలేదండీ. సభంతా చూసింది. బంగారం కనపడకపోతే దొంగిలించినట్టేనని నిన్న ప్రభువులు తీర్పు చెప్పారు. ఆ ఉంగరాన్ని ముట్టుకున్నవారు మాత్రం..." వల్లభయ్య ఆగాడు. "ఆపైన అనడానికి నాకు నోరు రావడం లేదు."

"నా ఉంగరం నేనే దొంగిలించానంటావా?"

"నేననను ప్రభూ. తీర్పు అంటోంది. తీర్పు తప్పయితే, ఉంగరంలో బంగారం కనపడకపోయినా ఉన్నట్టే. అప్పుడు కల్వంలోనూ ఉన్నట్టే. పెసలూ బియ్యం కలిసినవి. ఇవి కలిసిపోయినవి."

రాజుగారు ఉంగరాన్ని మళ్ళీ ఒకసారి రుద్దారు. వల్లభయ్య తలెత్తలేదు. చివరికి పైనుంచి నెమ్మదిగా ఒక మాట వినపడింది.

"ఇది తిరిగి ఎలా వస్తుంది?"

"నిప్పుతోనట ప్రభూ. కాని నిప్పు వద్దని ఆజ్ఞ ఉంది. సెలవిస్తే ఉంగరాన్ని కూడా జల్లెడ పట్టి చూస్తాం."

ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. రాజుగారు ఉంగరం తీసి లింగోజు చేతిలో పెట్టారు. "నిప్పు రాజేయండి" అన్నారు.

మండపం ముందు ఆరుబయట కుంపటి పెట్టారు. ఆ ఆవిరి మంచిది కాదని లింగోజు అందరినీ గాలికి ఎగువన నిలబెట్టాడు. పట్టకారుతో ఉంగరాన్ని సెగకు చూపి, తిప్పి, వెనక్కు తీసి, మళ్ళీ చూపాడు. ఉంగరం బూడిద రంగుకు తిరిగింది. అలాగే ఉండిపోయింది. వల్లభయ్య మనసులో ఇంట్లో ఉన్న సామానంతా మూటగట్టేశాడు, పిల్లల బట్టలతో సహా.

అప్పుడు ఒక అంచున పసుపు తేలింది. మెల్లగా ఉంగరమంతా పాకింది. లింగోజు దాన్ని చల్లార్చి, నున్నటి రాయితో మెరుగుపెట్టి రాజుగారికి అందించాడు. ఆ తర్వాత ముద్దలో కొంత తీసి రాగి రేకు మీద పూసి కాల్చాడు. రేకు బంగారంలా పచ్చగా మెరిసింది.

రాజుగారు ఉంగరం తొడుక్కుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ముందు మీసం కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. ఇంత పెద్ద నవ్వు ఆయనకు ఉందని ఎవరికీ తెలియదు.

"నన్ను దొంగను చేసి నాచేతే విడుదల ఇప్పించావు గదయ్యా" అన్నారు. లింగోజుకు పట్టుబట్టలు కప్పించి, కలశం పని కానివ్వమన్నారు. "వల్లభయ్యా, నీకేం కావాలో కోరుకో. మాన్యమా, పల్లకీయా?"

వల్లభయ్య చేతులు జోడించాడు.

"ప్రభూ, నిన్నటి నుంచీ మోకాళ్ళలో సత్తువ లేదు. సెలవైతే ఒక్కసారి కూర్చుంటాను."

రాజుగారు మళ్ళీ నవ్వి, తన పక్కనే ఒక పీఠం వేయించారు. ఆ సభలో రాజు ఎదుట కూర్చునే గౌరవం అంతకుముందు ఎవరికీ దక్కలేదు. వల్లభయ్యకు మాత్రం ఆ గౌరవం సంగతి ఇంటికి వెళ్ళాక, అప్పటికే ఊళ్ళో విన్న భార్య చెబితే గాని తెలియలేదు.